అవ్వ పాటలు, పాప డ్యాన్సు: ఇరవై వేలలో ఏ కెమెరా?

హన్మకొండ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమె తల్లి పరకాల వైపు ఒక ఊళ్ళో ఉంటారు, వయసు 74. బతుకమ్మ పాటలు, నాట్లేసేటప్పటి పాటలు ఆమెకు వచ్చినన్ని ఆ ఊళ్ళో ఇంకెవరికీ రావట. ఈ మధ్య గొంతు సన్నబడుతోంది. నిరుడు దసరాకు ఫోన్‌లో తీయబోతే ఒక పాట సగంలో మెమరీ నిండి ఆగిపోయింది. ఇంకో పాట మధ్యలో ఎవరో ఫోన్ చేయడంతో తెగిపోయింది. మిగిలినవాటిలో పాట కంటే ఫ్యాన్ చప్పుడే ఎక్కువగా వినిపిస్తోంది. తొమ్మిదేళ్ళ కూతురు కూచిపూడి నేర్చుకుంటోంది. స్కూల్ యాన్యువల్ డే నాడు వెనక వరుసలో కూర్చుని తీసిన వీడియోలో ఏ పిల్ల తన పిల్లో పోల్చుకోవడమే కష్టంగా ఉందట. చిట్టీ ఎత్తిన డబ్బులోంచి 20 వేలు ఇందుకోసమే పక్కన పెట్టుకున్నారు.

చిక్కు ఆ తర్వాత మొదలైంది. "చేతిల ఫోన్ ఉండంగ మళ్ళ కెమెరా ఎందుకు, పైసలు దండుగ" అంటున్నారు భర్త. అమెరికాలో ఉన్న అన్న దసరాకు వస్తూ అక్కడి నుంచే ఒకటి తెస్తానంటున్నారు. చౌరస్తా దగ్గర తెలిసిన స్టూడియో అతను పాతది 9 వేలకు ఇస్తానన్నాడు. "లోపల్నే 120 జీబీ ఉన్నది, కార్డు గూడ కొనే పని లేదు" అన్నాడట. ఆన్‌లైన్‌లో చూస్తే 6 వేలకే 4కె, 48 మెగాపిక్సెల్ అని కనబడుతోంది. "ఏది కొన్నా ఇంట్ల ఒకరు తప్పు పడతరు. నేనేం కొనాలె? అన్నకు వద్దని ఎట్ల చెప్పాలె?" అని ముగించారు.

మీ ఉత్తరంలో కెమెరా పేర్ల కంటే ముందు చూడాల్సినవి మీరు తీయాలనుకుంటున్న మూడు సందర్భాలు. అవ్వ పాటలకు కావాల్సింది శబ్దం, అంటే మైకు. పాప డ్యాన్సుకు దూరాన్ని దగ్గర చేసే లెన్సు కావాలి. పొద్దుగూకినాక ఆడే బతుకమ్మకు తక్కువ వెలుతురులో చూడగలిగే సెన్సర్, అంటే బొమ్మను పట్టే చిప్, కావాలి. ఈ మూడూ ఒక్కదాంట్లో బాగా ఉన్న కొత్త కామ్‌కార్డర్, అంటే వీడియో కోసమే చేసిన కెమెరా, 20 వేలలో లేదు. అందుకే ఏది కొన్నా ఎవరో ఒకరు తప్పు పట్టగలుగుతున్నారు. అందరూ తలా ఒక సందర్భాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు.

ఈ మూడింటిలో ఆగనిది అవ్వ గొంతు. పాప యాన్యువల్ డే వచ్చే ఏడూ ఉంటుంది. కాబట్టి పాటలకు కెమెరా నిర్ణయం కోసం ఎదురుచూడకండి. వాటికి మీ ఫోనే చాలు. నిరుడు చెడింది ఫోన్ కెమెరా వల్ల కాదు. మైకు దూరంగా ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది, ఫోన్ ఖాళీ చేయలేదు. రేపు కామ్‌కార్డర్ కొని అదే గదిలో అదే దూరంలో పెట్టినా అదే ఫ్యాన్ వినిపిస్తుంది.

వెయ్యి రూపాయల లోపు, కాస్త అటూ ఇటూ, కాలరుకు పెట్టుకునే వైరు మైకు దొరుకుతుంది. బోయా బీవై-ఎం1 లాంటిది చాలామంది వాడుతున్నారు. వైరు 6 మీటర్లు ఉంటుంది, చిన్న బటన్ బ్యాటరీ వేయాలి, మధ్యలో ఫోన్‌కూ కెమెరాకూ మార్చుకునే స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్ తప్పుగా ఉంటే రికార్డింగ్ మూగగానో చాలా చిన్నగానో వస్తుంది. మీ ఫోన్‌కు ఇయర్‌ఫోన్ రంధ్రం లేకపోతే టైప్-సి అడాప్టర్ కావాలి. లోపల చిప్ ఉన్న రకమే తీసుకోండి, ఏ చిప్పూ లేని చవకది చాలా ఫోన్లలో పనిచేయదు. మైకు పెట్టాక ఒక నిమిషం రికార్డు చేస్తూ మైకును గోటితో గీకండి. తిరిగి వింటే ఆ గీరు గట్టిగా వినపడాలి. వినపడలేదంటే ఫోన్ ఇంకా తన సొంత మైకునే వాడుతోందని అర్థం. అప్పుడు వేరే కెమెరా యాప్‌తో ప్రయత్నించండి.

మైకును అవ్వ గదవకు జానెడు కింద, కొంగు రాసుకోని చోట పెట్టండి. పట్టుచీర రాపిడి పాటంతా వినిపిస్తుంది, ఆ రోజుకు నూలు చీర మేలు. ఫ్యాను, కూలరు, ఫ్రిజ్ ఆపండి. కొత్త ఇంటి ఖాళీ హాల్లో గొంతు గోడలకు కొట్టి తిరిగి వస్తుంది. పరుపులు, బట్టలు ఉన్న పడకగదిలో శుభ్రంగా వినిపిస్తుంది. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, కాల్ వచ్చి తెగిపోయే బాధ తప్పుతుంది. వీడియో సెట్టింగ్‌లో 1080పి, 30 ఫ్రేములు చాలు. నిమిషానికి దాదాపు 130 ఎంబీ, గంటకు 8 జీబీ వరకు పడుతుంది. 4కె పెడితే రెండున్నర మూడు రెట్లు తింటుంది, పాటకు దాని వల్ల ఒరిగేదేమీ లేదు. ఫోన్‌ను ఎవరూ చేత్తో పట్టుకోకుండా ట్రైపాడ్ మీద ఉంచి, కిటికీ వెలుతురు అవ్వ ముఖం మీద పడేట్టు కూర్చోబెట్టండి. కిటికీ ఆమె వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. ఒక పూటలో నాలుగైదు పాటలు చాలు, గొంతు అలిసిపోతుంది. పాట అయ్యాక అది ఎవరి దగ్గర నేర్చుకున్నదో, ఎప్పుడు పాడేవారో కూడా అడిగి రికార్డు చేయండి. పెత్తరమాసకు ముందే ఈ పని మొదలుపెడితే పండుగ హడావిడి అడ్డురాదు.

యాన్యువల్ డే దగ్గరికొస్తే మాత్రం కెమెరా కావాలన్న మీ మాటే నెగ్గుతుంది. స్టేజీకి 20, 25 మీటర్ల దూరం నుంచి ఫోన్‌లో జూమ్ చేస్తే, చాలావరకు బొమ్మను కోసి పెద్దది చేసి చూపడమే, ముఖం అలుక్కుపోతుంది. కామ్‌కార్డర్‌లో లెన్సులోని గాజులే కదిలి దగ్గర చేస్తాయి, అదే ఆప్టికల్ జూమ్. సోనీ హెచ్‌డీఆర్-సీఎక్స్405లో ఇది 30 రెట్లు, పానాసోనిక్ హెచ్‌సీ-వీ180లో 50 రెట్లు. అంతేకాదు, రెండు గంటల కార్యక్రమాన్ని ఆపకుండా తీయడానికే వీటిని తయారుచేశారు. ఫొటోలు తీసే పెద్ద కెమెరాలు, ముఖ్యంగా పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు, చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకే వీడియో ఆపేస్తాయి. ఎవరైనా "డీఎస్‌ఎల్‌ఆర్ కొను" అని సలహా ఇస్తే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

అయితే జూమ్‌కు రెండు షరతులున్నాయి. మొదటిది వణుకు. 20 రెట్లు దాటాక చేత్తో పట్టి తీయడం ఎవరివల్లా కాదు, లోపలున్న స్టెబిలైజర్ (వణుకు తగ్గించే ఏర్పాటు) వల్లా కాదు. ట్రైపాడ్‌కు వరుసల మధ్య చోటు లేకపోతే, గుడ్డసంచిలో కిలో పెసలు పోసి కట్టి ముందున్న కుర్చీ వీపు మీదో గోడ మీదో పెట్టి, దాని మీద కెమెరా కుదురుగా ఆనించండి. రెండోది వెలుతురు. సీఎక్స్405 లెన్సు జూమ్ చేయనప్పుడు ఎఫ్1.8, జూమ్ చివర ఎఫ్4 (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది). అంటే పూర్తిగా జూమ్ చేస్తే లోపలికి వచ్చే వెలుతురు దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. స్టేజీ మీద లైట్లు బాగుంటాయి కాబట్టి అక్కడ నెగ్గుకొస్తుంది. అక్కడి ఇబ్బంది వేరు: వెనక తెర నల్లగా, పిల్లల ముఖాల మీద లైటు. కెమెరా నలుపును చూసి మొత్తం వెలుతురు పెంచేస్తుంది, ముఖాలు సున్నం పూసినట్టు తెల్లబడతాయి. చాలా హ్యాండీక్యామ్‌లలో సీన్ సెలెక్షన్‌లో స్పాట్‌లైట్ అని ఉంటుంది, అది పెట్టండి. లేదంటే ఎక్స్‌పోజర్‌ను ఒకటి రెండు గీతలు తగ్గించండి. పాట మొదలయ్యాక జూమ్ మీట మీద మాటిమాటికీ చేయి వేయకండి. పాప నిలువునా పట్టేంత జూమ్ చేసి, కాస్త చోటు వదిలి అలాగే ఉంచండి. కాళ్ళు కనబడని కూచిపూడి చూడలేరు.

బతుకమ్మ విషయంలో మీవారి మాట నిజం. ఈ ధరలోని కామ్‌కార్డర్లలో సెన్సర్ చాలా చిన్నది, పైన చెప్పిన రెండింటిలోనూ 1/5.8 అంగుళాలు. మామూలు ధర ఫోన్ వెనక ఉండే ప్రధాన కెమెరా సెన్సర్ దీనికి అనేక రెట్లు పెద్దది. పద్మాక్షి గుట్ట దగ్గరో భద్రకాళి చెరువు గట్టునో రాత్రి ఎనిమిదింటికి ఈ కామ్‌కార్డర్‌తో తీస్తే గునుగు, తంగేడు రంగులన్నీ గింజలు గింజలుగా, మసకగా వస్తాయి. దగ్గరగా నిలబడి, జూమ్ చేయకుండా ఫోన్‌తో తీస్తే అంతకంటే బాగుంటుంది. కామ్‌కార్డర్‌తోనే తీయాలంటే ఆరింటికి, ఆకాశంలో వెలుగుండగానే మొదలుపెట్టండి. ఆటోమేటిక్ స్లో షట్టర్, లో లక్స్ లాంటివి ఆపేయండి. అవి వెలుతురు పెంచుతాయి గానీ తిరిగే ఆడవాళ్ళను గీతలుగా సాగదీస్తాయి.

ఇక మీ ముందున్న దారులు.

6 వేల 4కె కెమెరా వద్దని గట్టిగా చెబుతున్నాను. వాటి డబ్బా మీద "16ఎక్స్ జూమ్" అని ఉంటుంది, ఆప్టికల్ అన్న మాట ఎక్కడా ఉండదు. అది డిజిటల్ జూమ్, అంటే మీ ఫోన్ చేసే పనే. చాలావాటిలో ఫోకస్ కదలదు, దగ్గరున్నది మసకగా వస్తుంది. చేతి వణుకు ఆపే ఏర్పాటు లెన్సులో ఉండదు. 48 మెగాపిక్సెల్ అన్నది చిన్న బొమ్మను సాగదీసి చెప్పే లెక్క. ఇంటికి తెచ్చాక మీవారు ఫోన్‌తో పోల్చి చూపిస్తే, మీ దగ్గర జవాబు ఉండదు.

స్టూడియో అతను చెప్పిన "లోపల్నే 120 జీబీ" అన్న మాట దగ్గర ఆగండి. అంత మెమరీ ఉన్న పాత కామ్‌కార్డర్ అంటే దాదాపు ఖాయంగా 2009 ప్రాంతపు హార్డ్ డిస్క్ రకం, మెమరీ కార్డుల్లో ఉండే ఫ్లాష్ మెమరీది కాదు. లోపల తిరిగే డిస్కు ఉంటుంది. కింద పడితే పోతుంది. డీజే బాక్సుల పక్కనో డప్పుల దగ్గరో పెడితే ఆ అదురుకు రికార్డింగ్ ఆగిపోయే అవకాశం ఉంది. పదిహేనేళ్ళు దాటిన డిస్కు ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు, అందులో ఉన్నవి దానితోపాటే పోతాయి. ఫ్లాష్ మెమరీలో కదిలే భాగం లేదు. నిండితే కార్డు మార్చుకోవచ్చు, కెమెరా చెడినా కార్డు మీ చేతిలో ఉంటుంది. అతను మోసం చేస్తున్నాడని నేననడం లేదు, కార్డు ఖర్చు లేకపోవడం అతనికి మంచి సంగతిగానే తోచి ఉండొచ్చు. మోడల్ పేరు అడిగి చూడండి. మీకు మాత్రం అది సరిపడదు.

అయితే పాతది కొనడం అసలే తప్పు కాదు, ఇంకో మోడల్ అయితే. కొత్తగా వచ్చే చవక మోడళ్ళలో పెద్ద లోటు మైకు రంధ్రం. సీఎక్స్405కు అది లేదు. వాడినవాటిలో కానన్ లెగ్రియా హెచ్‌ఎఫ్ ఆర్806కు మైకు, హెడ్‌ఫోన్ రెండూ పెట్టుకోవచ్చు, జూమ్ 32 రెట్లు. పానాసోనిక్ హెచ్‌సీ-వీ770 దొరికితే ఇంకా మంచిది. సెన్సర్ 1/2.3 అంగుళాలు, అంటే రాత్రిపూట కూడా కొంత నయం, జూమ్ 20 రెట్లు, మైకు, హెడ్‌ఫోన్ ఉన్నాయి. హన్మకొండలో దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలో వెతకొచ్చు. పాతదానికి వారంటీ ఉండదు, బ్యాటరీ ఎలాగూ కొత్తది కొనాలి. ఆ ఖర్చు కలిపి బేరం ఆడండి.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు మీ కార్డు మీరు తీసుకెళ్ళండి. స్క్రీన్‌ను తెరిచి, తిప్పి, మూసి, మళ్ళీ తెరవండి. ఏదో ఒక కోణంలో బొమ్మ ఆగిపోతే లోపలి రిబ్బన్ తీగ అరిగినట్టు, అది వదిలేయండి. లెన్సులోకి టార్చి వేసి చూస్తే సాలెగూడు లాంటి బూజు కనబడకూడదు. లెన్సును చేత్తో పూర్తిగా మూసి అర నిమిషం రికార్డు చేయండి, చూసినప్పుడు ఎక్కడైనా తెల్లచుక్క కదలకుండా ఉంటే సెన్సర్‌లో లోపం ఉంది. పూర్తి జూమ్‌లో ఏదైనా బోర్డు మీదికి పెట్టండి, బొమ్మ దానంతటదే అదురుతుంటే స్టెబిలైజర్ పోయింది. కనీసం పది నిమిషాలు ఆపకుండా రికార్డు చేసి, అక్కడే ప్లే చేసి వినండి. 720 బై 576 (పాత టీవీల నాణ్యత) అని రాసి ఉన్నవి, సోనీ పాత కార్డు మెమరీ స్టిక్ తప్ప వేరే కార్డు పట్టనివి ఎంత చవకైనా వద్దు.

కొత్త సీఎక్స్405 లాంటిది మీ ధరలో దొరికి, అది కొంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. వారంటీ ఉంటుంది, యాన్యువల్ డే చక్కగా వస్తుంది. అసలు వీడియోతోపాటు చిన్న ఎంపీ4 కాపీ కూడా ఒకేసారి తీస్తుంది, వాట్సాప్‌లో పంపడానికి అది బాగా పనికొస్తుంది. శబ్దం మాత్రం కెమెరా సొంత మైకుదే. స్టేజీ దగ్గర స్పీకర్ల నుంచి వచ్చే పాటకు అది చాలు. అవ్వకు చాలదు, ఆ పని ఫోన్, కాలరు మైకు చూసుకుంటాయి. కొనేముందు ఆప్టికల్ స్టెబిలైజేషన్, హెచ్‌డీఎంఐ ఉన్నాయో లేదో డబ్బా మీద చూసుకోండి. కంపెనీ చెప్పే బ్యాటరీ సమయంలో సగమే లెక్కేసుకుని, ఇంకో బ్యాటరీ కొనండి.

ఏ కెమెరా కొనకుండా ఉండే దారి కూడా ఉంది. మైకు, ట్రైపాడ్, హార్డ్ డిస్క్ కొని, ఏడాదికోసారి వచ్చే యాన్యువల్ డేకు మాత్రం స్టూడియో నుంచి కామ్‌కార్డర్ ఒక్కరోజుకు అద్దెకు తీసుకోవడం. ముందురోజే తెచ్చుకుని ఇంట్లో చేయి తిప్పుకోవాలి. మీ 20 వేలలో ఎక్కువ భాగం మిగులుతుంది. కానీ కెమెరా ఇంట్లో లేకపోతే మేడారం ప్రయాణంలో, పాప ఊరి స్టేజీ ప్రోగ్రాముల్లో తీయలేరు. ఏడాదిలో దూరం నుంచి తీయాల్సిన సందర్భాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకటి రెండైతే అద్దె మేలు. నాలుగైదు ఉంటే సొంతది కొనడమే నయం, నా ఓటు మైకు రంధ్రం ఉన్న వాడినదానికి.

దేనికైనా కార్డు మంచిది కావాలి. క్లాస్ 10 రాసి ఉన్న పేరున్న కంపెనీ కార్డు చాలు, ఎందుకంటే సెకనుకు 24 మెగాబిట్ల వీడియో అంటే 3 ఎంబీ మాత్రమే, క్లాస్ 10 కనీసం 10 ఎంబీ రాస్తుంది. 32 జీబీ కార్డులో ఆ నాణ్యతతో 2 గంటల 50 నిమిషాల వరకు పడుతుంది. సీఎక్స్405లో 50 మెగాబిట్ల ఎక్స్‌ఏవీసీ ఎస్ అనే రికార్డింగ్ పద్ధతి వాడాలంటే 64 జీబీది తీసుకోండి. సగం ధరకు దొరికే 512 జీబీ కార్డులు చాలావరకు నకిలీవి. నిజంగా ఉన్నది నిండాక కొత్త వీడియోలు రాసినట్టే చూపిస్తాయి, ఇంటికొచ్చాక తెరుచుకోవు. కార్డు కొన్న రోజే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నింపి చూడండి. తర్వాత కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. ఏవీసీహెచ్‌డీ అనే ఇంకో రికార్డింగ్ పద్ధతిలో తీసినవి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎంటీఎస్ అని ఉండే వీడియో ఫైళ్ళు ఏరుకోకుండా ప్రైవేట్ అన్న ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేయండి. పొడవైన వీడియో ముక్కలుగా ఉంటుంది, విడిగా తీస్తే అతుకుల దగ్గర శబ్దం తెగుతుంది. కార్డును బీరువాలో దాచి అదే భద్రం అనుకోవద్దు. ఏళ్ళ తరబడి వాడకుండా ఉంచితే, అందులోనూ మన ఎండాకాలపు వేడిలో, ఫ్లాష్ మెమరీ రాసింది మరిచిపోగలదు. కెమెరానూ ఎండలో నిలిపిన కారులో వదలకండి.

అన్నగారి సంగతి. అమెరికా మోడళ్ళు సెకనుకు 60 ఫ్రేముల లెక్కన తీస్తాయి, చాలావాటిని మన 50కి మార్చడం కుదరదు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలుగు పెంచి తగ్గిస్తుంది. ఆ రెండు లెక్కలూ కలవక ఫంక్షన్ హాల్లో, వీధిలైట్ల కింద తీసిన వీడియో మిణుకుమంటుంది. షట్టర్ వేగాన్ని (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పట్టే సమయం) సెకనులో 1/100కు పెడితే తగ్గుతుంది, కానీ చవక మోడళ్ళలో చాలావాటిలో ఆ వీలు ఉండదు. ఇక్కడ వారంటీ కూడా సాధారణంగా చెల్లదు. ఈ మాటే ఉన్నదున్నట్టు చెప్పండి, మీరు వద్దన్నది ఆయన ప్రేమను కాదని ఆయనకు అర్థమవుతుంది. దాని బదులు ఒక టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్కులు రెండు తెమ్మనండి, వాటికి ఏ దేశమైనా ఒకటే. పాటలన్నీ రెండింటిలోకీ ఎక్కించి, ఒకటి మీ ఇంట్లో ఉంచుకుని, రెండోది ఆయన తిరిగి వెళ్ళేటప్పుడు చేతికివ్వండి. మధ్యలో కొత్తవి తీసినప్పుడు వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. 2 జీబీ వరకు నాణ్యత తగ్గకుండా వెళ్తుంది, ఆయన తన డిస్కులో చేర్చుకుంటారు.